చింతపండుతో తోమిన నంబరు

ఎన్నికలు దగ్గర పడితే లైసెన్సున్న తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పజెప్పాలి. మా నాన్న బతికున్నంతకాలం ఆ పని ఆయనే చేశాడు. కబురు రాగానే రివాల్వర్‌ని పాత తువ్వాల్లో చుట్టి, కూరగాయల సంచిలో పెట్టి, సైకిల్ హ్యాండిల్‌కి తగిలించుకుని వెళ్లేవాడు. అక్కడ రికార్డులు రాసే రైటర్ లైసెన్సు పుస్తకం తెరిచి, అందులో ఉన్న నంబరు చూసి రసీదు మీద ఎత్తి రాసేవాడు. తువ్వాల్లో ఉన్నది రివాల్వరో, సన్నికల్లు పొత్రమో విప్పి చూసిన పాపాన ఎవరూ పోలేదు. ఓట్ల లెక్కింపు అయిపోయాక అది మళ్లీ అదే సంచిలో ఇంటికి వచ్చేది.

మొన్నటి ఎన్నికలకి కబురు వచ్చేసరికి నాన్న పోయి ఎనిమిది నెలలైంది.

తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను విజయనగరంలో మా ఇంట్లో గ్రైండర్ ముందు కూర్చుని ఉన్నాను. వాడికి రైల్వేలో ఉద్యోగం. ఆమదాలవలసలో దిగి ఆటో ఎక్కితే పావుగంటలో వచ్చే మా పుట్టింట్లో వాడూ, మా మేనత్తా ఉంటారు. లైసెన్సు ఉన్న మనిషి పోతే ఆయుధాన్ని వెంటనే అప్పజెప్పాలట, ఎనిమిది నెలలు ఇంట్లో ఎందుకు పెట్టుకున్నారని కానిస్టేబులు అడిగాడట. దినాలు కాగానే ఈ మాట చెప్పాను కదరా అన్నాను. చెప్పావు, కానీ అత్త ఇవ్వనిస్తే కదా అన్నాడు. ఇంట్లో మగాడివి నువ్వా అత్తా అన్నాను. అది అనవలసిన మాట కాదు. నేను అనకూడని మాటల జాబితా పెద్దదే.

అత్త ఇవ్వకపోవడానికి కారణం ఉంది. ఆ రివాల్వర్ మా ఇంట్లో బీరువాలో ఉండేది కాదు, దేవుడి గదిలో ఉండేది.

అది మా తాత సంపాదన. తాతకి బియ్యం, బెల్లం వ్యాపారం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైన్యం దిగిన చోటికి సరుకు పంపేవాడు. యుద్ధం అయిపోయాక ఇది ఇంటికి వచ్చింది. ఎలా వచ్చిందన్నదానికి మా ఇంట్లో రెండు కథలున్నాయి. చలిజ్వరంతో పడి ఉన్న దొరకి తాత కషాయం కాచి ఇస్తే, ఆ దొర వెళ్లిపోతూ మొలకున్నది విప్పి ఇచ్చాడని ఒకటి. కషాయం కాదు, దొర గుడారంలో దూరిన పామును తాత కర్రతో కొట్టాడని రెండోది. తాతకి పామంటే ఎంత భయమో తెలిసిన మామ్మ రెండో కథ వచ్చినప్పుడల్లా లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదట.

దాని ఉక్కు మీద, ట్రిగ్గర్‌కి కాస్త పైన, ఒక గుర్తు ఉండేది. మూడు గీతలు ఒకచోట కలుస్తాయి. రివాల్వర్‌ని పిడి పైకి, గొట్టం కిందికి వచ్చేలా గోడకి ఆనించి నిలబెడితే, అది అచ్చం తిరునామం. మామ్మ దాన్ని చూసిన రోజునే దండం పెట్టేసిందట. సీమ నుంచి వచ్చిన తుపాకీ మీదికి సింహాద్రి అప్పన్న తనంత తాను వచ్చి కూర్చున్నాడంటే, ఈ ఇంటికేదో చెబుతున్నాడని లెక్క. అప్పటి నుంచీ అది అప్పన్న పటం పక్కనే ఉంది. తుపాకీ గుళ్లు తాత హయాంలోనే అయిపోయాయి. నాన్న ఒక్కటి కూడా కొనలేదు. ఆయనకి దాన్ని ముట్టుకోవడమంటేనే దడ. ఎన్నికలప్పుడు తువ్వాలు వేసి పట్టుకున్నది కూడా అందుకే.

దేవుడి గదిలో చేరిన ప్రతి వస్తువుకీ మా ఇంట్లో ఒకటే రూలు. శుక్రవారం శుక్రవారం తోమాలి. కుందులు, గంట, హారతి పళ్లెం, రివాల్వర్. నానబెట్టిన చింతపండు, జల్లెడ పట్టిన ఇటుక పొడి, కొబ్బరి పీచు. తోమాక కడిగి, ఆరబెట్టి, నువ్వుల నూనె రాసి, బొట్టు పెట్టాలి. నాకు తొమ్మిదేళ్లప్పటి నుంచి పెళ్లై వెళ్లిపోయేదాకా ఆ పని నాదే. ఆ తర్వాత అత్తది. పెళ్లైన మూడేళ్లకే మెట్టినింటి నుంచి తిరిగొచ్చేసిన మనిషి ఆమె. ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పలేదు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. నా నోరు ఎవరి పోలికని మా అత్తవారింట్లో అడిగితే నేను చూపించేది ఆమెనే.

తోమడంలో అత్త పెట్టిన షరతు ఒకటుండేది. నామం మీద పీచు పడకూడదు. అక్కడ వేలితో మాత్రమే, మెత్తగా. మిగతాదంతా ఎంత బలంగా తోమితే అంత మంచిది. నామానికి కాస్త కింద చిన్న చిన్న అంకెలు ఉండేవి. వాటి సందుల్లో నల్లగా మురికి పట్టేది. ఆ మురికి పోయేదాకా తోమితే అత్త నా బుగ్గ మీద తడిచేత్తో తట్టేది. ఆవిడ ఎవర్నీ మెచ్చుకునే రకం కాదు. అందుకని ఆ అంకెల్ని నేను ఎంత కసిగా తోమానో నాకే తెలుసు.

కబురొచ్చిన మర్నాడే నేను ప్యాసింజర్ ఎక్కి వెళ్లాను. అత్తని ఒప్పించి ముగ్గురం కలిసి పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. ఎస్సై కొత్తగా వచ్చినతను, మా వైపు మనిషి కాదు, మర్యాదస్తుడు. అతను తువ్వాలు విప్పించాడు. రివాల్వర్ వెండి చెంబులా తళతళలాడుతోంది. బొట్టు కూడా ఉంది. అతను దాన్ని తిప్పి తిప్పి చూశాడు, ఫోన్లో లైటు వేసి చూశాడు, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. నంబరేదని అడిగాడు. నంబరు ఉండాల్సిన చోట నున్నటి ఉక్కు తప్ప ఏమీ లేదు.

అప్పుడు అతను కూర్చోమని, చాలా నెమ్మదిగా చెప్పాడు. ఆయుధం మీద నంబరు చెరిపేయడం దానికదే నేరం. నంబరు చెరిపేది దొంగ ఆయుధాలకి. ఎవరు చెరిపారో తేలకపోతే ఎవరి ఇంట్లో దొరికిందో వాళ్లే చెరిపారని చట్టం అనుకుంటుంది. ఇల్లు తమ్ముడిది. పైగా ఎనిమిది నెలలు. కేసు కట్టాల్సి రావచ్చు.

తమ్ముడిది ప్రభుత్వోద్యోగం. కేసు కడితే ముందు సస్పెన్షన్. ఆ తర్వాత అది ఎన్నేళ్లు నడుస్తుందో, ఉద్యోగం మిగులుతుందో లేదో చెప్పగలిగేవాళ్లు లేరు. వాడికి ఇంకా తొమ్మిదేళ్ల సర్వీసు ఉంది. రైల్వే తప్ప వాడికి వేరే బతుకు తెలీదు.

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ఇన్నేళ్లుగా మీ స్టేషన్‌వాళ్లే రసీదులిచ్చారు, ప్రతి దాని మీదా నంబరు ఉంది, అది చూసి రాశారా చూడకుండా రాశారా అని అడిగాను.

"మేడమ్, ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పుకోవాలి. నా ప్రశ్నకి మీ తమ్ముడు చెప్పుకోవాలి. ఏది ముందు మొదలెడదాం?" అన్నాడు ఎస్సై, గొంతు పెంచకుండానే.

తమ్ముడు బల్ల కింద నా కాలు తొక్కాడు.

అతను లైసెన్సు పుస్తకం తిరగేస్తూ ఒకచోట ఆగాడు. తాత కాలం నాటి పేజీ. ఆనవాళ్లు రాసే గడిలో, వంకర్లు తిరిగిన పాత ఇంగ్లీషు చేతిరాతలో, 'నామం మార్క్స్, త్రీ' అని ఉంది. ఇదేమిటని అడిగాడు. ఏ ఆఫీసులో ఏ గుమస్తా రాశాడో, తాత చూపించి చెప్పింది చెప్పినట్టు రాసేసినట్టున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఎస్సైకి రాలేదు. మాకు తెలిసిన నామం ఒక్కటే. మూడెక్కడివి?

ఆయుధాన్ని శ్రీకాకుళంలో ఆయుధాలు బాగుచేసే హెడ్ కానిస్టేబుల్ దగ్గరికి పంపుతామని, అతని రిపోర్టు చూశాకే కేసు సంగతి తేలుస్తామని చెప్పి పంపేశారు.

ఆ రెండు వారాల్లో నేను ఆ రైలు ఎన్నిసార్లు ఎక్కానో గుర్తులేదు. ఒకసారి నాన్న మరణ ధ్రువపత్రం, ఒకసారి వారసుల కాగితం, ఒకసారి ఆ రెంటికీ జెరాక్సులు. చీపురుపల్లిలో రైలు ఎందుకు ఆగుతుందో, ఎంతసేపు ఆగుతుందో, డ్రైవర్‌కైనా తెలుసో లేదో. ఆ ఆగిన వేళల్లో ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టాను. పాత సైనిక రివాల్వర్లు పోగుచేసేవాళ్లు సీమ దేశాల్లో చాలామంది ఉన్నారు. వాటి మీద ఉండే ప్రతి గీతకీ పేజీలు పేజీలు రాసుకుంటారు. కిరీటం గుర్తు ఉంటే పరీక్షించి పాస్ చేసినట్టు. మూడు గీతల బాణం ఉంటే ప్రభుత్వ సొత్తు. తయారైన సంవత్సరం ఫలానా చోట. సైన్యం బాగుచేసి గుళ్లు పెట్టే చక్రం మారిస్తే పాత నంబరు కొట్టేసి కొత్తది వేస్తుంది. యుద్ధం ముదిరాక చేసినవాటికి నునుపు పెట్టే తీరిక లేక గరుకుగానే వదిలేశారు. నేను కాలేజీలో చదివింది చరిత్రే. యుద్ధాలు, ఒప్పందాలు, కారణాలు, ఫలితాలు. ఒక ఉక్కు ముక్క తన చరిత్ర తన ఒంటి మీదే మోస్తుందని మాకు ఏ మేడమూ చెప్పలేదు.

వాళ్లు మరో మాట కూడా రాశారు. పాత ఆయుధాన్ని ఎప్పుడూ తోమకండి. మెరుగు పెట్టిన రివాల్వర్‌కి విలువ లేదు, అది చచ్చినదానితో సమానం. ఆ వాక్యం దగ్గర ఫోన్ సంచిలో పడేసి, కోటబొమ్మాళి వెళ్తున్న ఒకావిడతో కిటికీ సీటు గురించి పోట్లాడాను.

శ్రీకాకుళంలో మమ్మల్ని పిలిపించిన హెడ్ కానిస్టేబుల్ శృంగవరపుకోట వైపు మనిషి, రిటైర్మెంట్‌కి దగ్గరున్నవాడు. కళ్లజోడు తాడుతో మెడకి వేలాడుతోంది. తమ్ముడినీ నన్నూ బల్లకి అటు కూర్చోమన్నాడు. అత్త రానంది. రివాల్వర్‌ని రెండు చేతులతో అందుకుని, బొట్టు చూసి, తల వంచాడు. అరగంటసేపు చూశాడు. భూతద్దం పెట్టి ఒక పక్క, మళ్లీ ఇంకో పక్క.

"తల్లీ, ఇది నామం కాదమ్మా," అన్నాడు చివరికి. "బాణం. సర్కారు సొమ్మని ఇంగ్లీషోడు ఏసిన గుర్తు. నీ తుపాకీని బోర్లా నిలబెట్టి సూస్తన్నారు గావాల మీరు."

తెలుసన్నాను. చదివానన్నాను. చదివితే ఇది కూడా చదివారా అని రెండో పక్క తిప్పి, గొట్టం మొదట్లో చూపించాడు. అక్కడ నూనె, కుంకుమ కలిసి గట్టిపడి పెచ్చులా పట్టేసింది. కిరసనాయిలు ముంచిన గుడ్డతో తుడిస్తే రెండు బాణాలు బయటపడ్డాయి. మొన మొన ఆనించి, ఒకదానికొకటి ఎదురుగా. అది సర్కారు ఇంక నాకొద్దని అమ్మేసినప్పుడు వేసే గుర్తట. ఒకటీ రెండూ మూడు నామాలు. గుమస్తా సరిగ్గానే లెక్కపెట్టాడు.

అంటే కషాయమూ లేదు, పామూ లేదు. వాడకం తీరిన సామాను అమ్మేస్తుంటే మా తాత కొనుక్కొచ్చాడు. గొనెసంచులు, గొళ్లేలు కొన్నట్టు. నాకు నిజానికి బాధ కలగలేదు. ఇంట్లో నలభై ఏళ్లు విన్న కథ అబద్ధమని తేలితే ఎవరికైనా ఏదో ఒకటి అనిపించాలి కదా, నాకు కుర్చీలో వెనక్కి వాలాలనిపించింది, అంతే.

తమ్ముడు అడగలేక అడగలేక నంబరు గురించి అడిగాడు. హెడ్ కానిస్టేబుల్ చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ ఒకచోట ఆపాడు. ఇలాంటివాటిలో అదే నంబరు చక్రం మీద కూడా కొడతారట. చక్రం తిరిగేది కాబట్టి, ఏ వారం ఏ పక్క పైకొస్తే ఆ పక్కే మా పీచు కింద పడింది. దాని మీది నంబరు అంతగా అరగలేదు. అతను సుద్దముక్క రాసి, పొడి దులిపి, లైటు ఏటవాలుగా పట్టాడు. ఒక్కొక్క అంకె చదివి తమ్ముణ్ణి లైసెన్సులో సరిచూడమన్నాడు. నాలుగు అంకెలు కలిశాయి. అయిదోది మూడో, ఎనిమిదో తేలలేదు. లైసెన్సులో ఎనిమిది ఉంది.

"ఎనిమిదే అని రాయండి బాబూ," అన్నాడు తమ్ముడు.

"నాకు కనపడింది నాను రాస్తాను బాబూ. అయిదోది తెలీట్లేదనే రాస్తాను." అతనే మళ్లీ అన్నాడు: "అయితే ఇంకోటి కూడా రాస్తాను. దొంగనాయాలు నంబరు సెరిపితే ఆకురాయితో సెరుపుతాడు. గీతలుంటాయి, గుంట పడతాది. దీనికి గీత లేదు. బిందె అరిగినట్టు అంతా గుండ్రంగా అరిగింది. నామం కాడ మట్టుకు అంచు పదునుగా ఉన్నాది. ఇది సేత్తో తోమిందే."

తమ్ముడు కళ్లు తుడుచుకున్నాడు. కిరసనాయిలు ఘాటని చెప్పాడు.

రిపోర్టు వెళ్లాక ఎస్సై మళ్లీ పిలిచాడు. ఆయుధం అదే అని తను నమ్ముతున్నాడట. అయితే ఎవరు అరగదీశారో, ఎందుకో, కాగితం మీద ఒకరు ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఆ వాంగ్మూలం, రిపోర్టూ కలిపి పైకి పంపుతాడు. పైవాళ్లు నమ్మితే కేసుండదు. నమ్మకపోతే సంతకం పెట్టినవాళ్ల మీద కూడా ఉండొచ్చు. ఆలోచించుకుని రమ్మని వరండాలోకి పంపాడు.

వరండాలో ఇనప బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. నాన్న పేరు రాసేద్దాం అన్నాడు తమ్ముడు. పోయినవాడి మీద కేసు కట్టరు, ఎవరికీ నష్టం లేదు. నాన్న దాన్ని తువ్వాలు లేకుండా ముట్టుకోలేదురా అన్నాను. ఆ సంగతి ఎస్సైకి తెలీదు కదా అన్నాడు వాడు. అబద్ధం ఒకటి చెబితే దాన్ని నిలబెట్టడానికి ఇంకో పది చెప్పాలి, రేపు ఎవరైనా వీధిలో అడిగితే మీ దేవుడి గది సంగతి అందరికీ తెలుసు అన్నాను. మధ్యలో అత్త తన పేరు రాయమంది.

"డెబ్బయ్యెనిమిదేళ్ల ముసిల్దాన్ని, నన్నేటి సేస్తారు? జైల్లో ఎట్టినా రోజూ బువ్వెడతారు. ఇక్కడ మీ ఇద్దరి తగువు ఇనక్కర్లేదు."

నువ్వు చెబితే మేము నేర్పించి చెప్పించామంటారు అన్నాను. అంకెలు పోయేదాకా తోమింది నేను, చదువుకున్నది నేను, నేనే రాస్తాను అన్నాను. తమ్ముడు నా వైపు తిరిగాడు.

"నీకు గెలవాల అక్కా. పోలీసోలితో గెలవాల, నాతో గెలవాల. ఇది నా ఉద్యోగం. రెండు వారాల్నుంచి నిద్దర లేదు నాకు. నీకది కనపడతందా?"

వాడు అన్నదాంట్లో తప్పేమీ లేదు. చిన్నప్పటి నుంచీ నేను వాడితో ఏ విషయంలోనూ ఓడిపోలేదు. ఓడిపోవడం ఎలాగో నేర్చుకునే వయసు కూడా దాటిపోయింది. నువ్వు నాన్న పేరే రాయమంటే రాస్తానురా, నీ ఇష్టం అన్నాను. నిజంగానే అన్నాను. వాడు చేతుల్లోకి చూసుకున్నాడు. సైకిల్ మీద సంచి తగిలించుకుని వెళ్లే మనిషి వాడికి కూడా గుర్తొచ్చాడేమో, నాకు తెలీదు.

"వొద్దులే. ఉన్నదున్నట్టు రాయి," అన్నాడు.

రాశాను. డిగ్రీ పరీక్షల తర్వాత అంత జాగ్రత్తగా ఏదీ రాయలేదు. ఫలానా నేను, తొమ్మిదో ఏట నుంచి వివాహం అయ్యేవరకు, ప్రతి శుక్రవారం, చింతపండుతోనూ ఇటుక పొడితోనూ. నామం అనుకున్న గుర్తును వదిలి, మిగతా భాగాన్ని. అంకెలు నంబరని తెలియదు, మురికి అనుకున్నాను. ఎస్సై చదువుతూ 'చింతపండు' దగ్గర ఆగి, పెన్ను తలతో ఆ మాట మీద తట్టి, మళ్లీ చదివాడు. అత్త తన పేరు కూడా రాయమని పట్టుబట్టింది. ఆ తర్వాత ఇన్నేళ్లూ తోమింది తనేనని కింద రాయించి, వంకరగా సంతకం చేసింది. పెళ్లి పత్రిక మీద తప్ప తన పేరు కాగితం మీద ఎప్పుడూ పడలేదని ఆటోలో అంది.

పోలింగ్ అయింది, లెక్కింపు అయింది. కబురు లేదు. తమ్ముడు ఫోన్ మోగితే నంబరు చూడకుండా ఎత్తడం మానేశాడు. నేను రోజూ పొద్దునా సాయంత్రం ఫోన్ చేసేదాన్ని. ఏం మాట్లాడాలో తెలియక వాన గురించి అడిగేదాన్ని. వాడు ఎండగా ఉందని చెప్పేవాడు.

వానలు నిజంగా మొదలయ్యాక ఎస్సై పిలిచాడు. కేసు అక్కర్లేదన్నారు. అప్పజెప్పడంలో ఆలస్యం చేసినందుకు ఒక హెచ్చరిక కాగితం, అంతే. ఆయుధం కావాలంటే తమ్ముడు లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, అక్కర్లేదంటే ప్రభుత్వానికి వదిలేయొచ్చు. వదిలేస్తే ఏం చేస్తారని అత్త అడిగింది. కోసి, కరిగించేస్తారన్నాడు.

నాకు ఆ క్షణంలో చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. దాని మీద ఉన్న ఒక్కొక్క గుర్తు అర్థం ఇప్పుడు నాకు తెలుసు. అది ఎక్కడ పుట్టి, ఎవరి సొత్తై, ఎప్పుడు ఎవరికి అక్కర్లేనిదై మా ఇంటికి వచ్చిందో, ఈ జిల్లాలో నాలాగా చెప్పగలిగేవాళ్లు నలుగురు ఉండరు. దరఖాస్తు పెట్టమని వాదించడానికి నా దగ్గర కారణాలు కూడా ఉన్నాయి. తమ్ముడు నా మొహం చూస్తున్నాడు. వాదన కోసం ఎదురుచూసేవాడి చూపు అది. నేను నోరు విప్పలేదు.

వదిలేస్తున్నానని వాడు సంతకం పెట్టాడు. అత్త కాసేపు ఆ తువ్వాలు మూట వైపు చూసి, కోసేముందు నామం ఉన్న పక్క నేల మీద పెట్టొద్దని ఎస్సైకి చెప్పింది. అతను అలాగేనన్నాడు.

బయటికొచ్చాక తమ్ముడు టైము చూసుకున్నాడు. డ్యూటీకి ఆలస్యమవుతోందని, అత్తని ఇంటి దగ్గర దింపమని నాతో చెప్పి, చినుకుల్లోనే ఆమదాలవలస బస్సు వైపు పరిగెత్తాడు. చాలా రోజుల తర్వాత వాడు దేనికోసమైనా పరిగెత్తడం చూశాను.